ఒక కృతజ్ఞత, ఒక తప్పు

పోయిన వారం మనం టైలరమ్మను ఎటూ కదల్లేని చోట వదిలేసి వచ్చాం, పాపం. ఒక చేతిలో కూతురి జడ, ఇంకో చేతిలో రిబ్బను, నోట్లో రెండు పిన్నులు. బడి బస్సు రావడానికి పావుగంట కూడా లేదు. సరిగ్గా అప్పుడు ఆ ఏడేళ్ళ పిల్ల అద్దంలోంచి తల్లి మొహంలోకి చూసి, అడగకూడని ప్రశ్న అడిగేసింది.

"అమ్మా, నిన్న ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు నేను ఒక కన్ను తెరిచాను. నీ పెదాలు కదులుతున్నాయి. దగ్గరికి జరిగి విన్నాను. ఛాతీ ముప్పై నాలుగు, నడుము ఇరవై ఎనిమిది అంటున్నావు. దేవుడికేమైనా చొక్కా కుడుతున్నావా?"

అక్కడ ఆగాం. కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం ఈ ఇంటి సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. పాతవాళ్ళు దాటేసినా నేనేమీ అనుకోను.

ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, ఒక పొడవాటి కత్తిరింపు బల్ల, ఒక మూల బట్టలు వేసుకుని చూసుకోవడానికి ఒక తెర. అది టైలరమ్మ రాజ్యం. వీధి వీధంతా ఆమెను అలాగే పిలుస్తుంది. మొగుడు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. ఊరందరి చూపూ సరిచేసే ఆ మనిషికి ఇంట్లో ఏం జరుగుతోందో మాత్రం ఎవరైనా చెయ్యి పట్టుకుని చూపిస్తే తప్ప కనపడదు. కూతురు నిద్రలేచింది మొదలు వాదన వేసుకుంటుందని దానికి 'ప్లీడరు' అని పేరు పెట్టింది ఆయనే. దాని తర్వాతవాడు బుడంకాయ, నాలుగు దాటి ఐదులో పడబోతున్నాడు. వీళ్ళందరి మీదా అత్తగారు, పెద్దావిడ. నోరు మంచిదే కానీ చేతులు ఖాళీగా ఉంటే ఆ నోరు ఆగదు. అందుకని కోడలు కుట్టిన బట్టలన్నిటికీ గుండీలు కుట్టే పని ఆవిడే తీసుకుంది.

ఇక ఆ ఇంటి ప్రార్థన. మెట్ల కింద ఒక చిన్న గది ఉంది. పిల్లలు నిటారుగా, పెద్దవాళ్ళు తల వంచుకుని లోపలికి వెళ్ళాలి. రోజూ సాయంత్రం ఆరున్నరకు అందరూ అందులో చాప మీద కూర్చుంటారు. ముందు ఐదు నిమిషాలు ఎవరి ప్రార్థన వాళ్ళు కళ్ళు మూసుకుని మనసులో చేసుకోవాలి. తర్వాత అందరికంటే చిన్నవాడి దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కరూ పైకి రెండు మాటలు చెప్పాలి. ఒక కృతజ్ఞత, ఒక తప్పు. ఇది పోయిన మామగారు పెట్టిన పద్ధతి. దానికి ఆయన రెండు కట్టుబాట్లు కూడా పెట్టి పోయారు. ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకోవాలి, పక్కవాళ్ళది ఎత్తకూడదు. ఆ గదిలో చెప్పిన తప్పుకు బయట తిట్లు లేవు, దెబ్బలు లేవు, మళ్ళీ ఆ ఊసే లేదు.

ఇంత మంచి పద్ధతిని పిల్లలు ఏం చేస్తారో మీకు తెలుసు కదా. పోయిన నెల ఒక సాయంత్రం బుడంకాయ చేతులు జోడించి, కళ్ళు గట్టిగా మూసుకుని, "దేవుడా, రేపు నేను నాన్నమ్మ కళ్ళజోడు సోఫా కింద దాచేస్తాను" అని ముందుగానే చెప్పేసుకున్నాడు. మర్నాడు అన్నమాట ప్రకారం దాచేశాడు. పెద్దావిడ రెండు గంటలు వెతికి, దొరికాక చెయ్యెత్తితే వాడు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "నిన్ననే చెప్పేశాగా!" అన్నాడు. ఆవిడ ఎత్తిన చేత్తో వాణ్ణి కొట్టలేక, దించలేక, చివరికి తన నోటికే అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగి, చేసిన తప్పులే లెక్కలోకి వస్తాయని, చేయబోయేవి రావని తీర్పయింది. తీర్పు చెప్పింది ప్లీడరే.

అలాంటి పిల్ల అడిగిన ప్రశ్న ఇది.

టైలరమ్మ నోట్లో పిన్నులు తీసి జడలో గుచ్చింది. "కదలకు, బస్సొచ్చేస్తోంది" అంది.

"అది జవాబు కాదు."

"తలొంచు."

"వంచాను. ఇప్పుడు చెప్పు."

గుమ్మం దగ్గర మడతపెట్టిన తువ్వాళ్ళతో పెద్దావిడ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఏ మాట దాకా విన్నదో తెలియదు. పెద్దావిడ తువ్వాళ్ళు కుర్చీ మీద పెట్టి, "దానికి కుడి జడ కిందకి దిగింది అమ్మాయ్, సరిచూడు" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

"సాయంత్రం బడి నుంచి వచ్చాక చెబుతాను. ఒట్టు" అంది టైలరమ్మ గొంతు తగ్గించి.

"ప్రార్థన కంటే ముందే చెప్పాలి" అంది ప్లీడరు, సంచీ భుజానికి తగిలించుకుంటూ. "ఎందుకంటే అప్పుడు నాకు అవసరం పడుతుంది."

ఆ 'అవసరం' ఏమిటో టైలరమ్మకు అప్పుడు అర్థం కాలేదు. కానీ పిల్ల బస్సెక్కి వెళ్ళాక అదే మాట మిషను చక్రంతోపాటు ఆమె బుర్రలో తిరగడం మొదలుపెట్టింది.

ఆ రోజు పని మామూలు పనే. ఒక బడివాళ్ళకి ఇరవై చొక్కాలు ఇవ్వాలి. బట్ట పరిచి, సుద్దముక్కతో గీత గీసి, కత్తెర ఆడించింది. పదేళ్ళుగా చేస్తున్న పని, కళ్ళు మూసుకుని చేయగలదు. అయినా పది గంటలకల్లా ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించి కూర్చుంది. రెండు ఎడమ చేతులూ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంది. తన మీద తనకే ఒళ్ళు మండింది.

"ఏమైందే?" అంది అత్తగారు, గుండీ మీదనుంచి తలెత్తకుండానే.

"ఏం లేదత్తయ్యా. చెయ్యి తప్పింది."

"ఈ వారంలో నీ చెయ్యి తప్పడం ఇదే మొదలు. సాయంత్రం చెప్పుకోవడానికి తప్పు దొరికిందిలే" అంది ఆవిడ నవ్వుతూ.

ఎప్పుడూ అయితే టైలరమ్మ కూడా నవ్వేది. నాలుగేళ్ళుగా ఆమె ఆ గదిలో చెప్పుకున్న తప్పులన్నీ ఇలాంటివే. కూరలో ఉప్పెక్కువైంది, గౌను ఒక రోజు ఆలస్యమైంది, పాలు పొంగిపోయాయి. వింటే దేవుడికి కూడా ఆవలింతలు వచ్చే తప్పులు. అసలైనది ఒక్కటీ నోట రాలేదు.

మధ్యాహ్నం మూడు దాటాక పెద్దావిడ బుడంకాయను మధ్య గదిలో పడుకోబెట్టి జోకొట్టడం మొదలుపెట్టింది. వాడు పడుకుంటే కాళ్ళు గోడకి, తల మంచం అంచుకి. నిద్ర పట్టేలోపు పది ప్రశ్నలు. "నాన్నమ్మా, దేవుడు మధ్యాహ్నం పడుకుంటాడా?" "పడుకోడు." "మరి నేనెందుకు పడుకోవాలి?" "నువ్వు దేవుడివి కాదు కాబట్టి." ఆ ముచ్చట వింటూ టైలరమ్మ ముందు గదిలో కుడిచెయ్యి కత్తిరించి, సరిచేసి, అతికించింది. ఈ ఇల్లంటే ఆమెకు ఇష్టం. ఈ అత్తగారంటే ఇష్టం, ఆ గోల అంటే ఇష్టం, సాయంత్రం మెట్ల కింద ఇరుక్కుని ఒకరి మోకాలు ఒకరికి తగులుతూ కూర్చోవడం అంటే మరీ ఇష్టం. ఆ గదిలో కూర్చోవడం ఒక్కటే తెలుసు, అక్కడ దేవుడితో మాట్లాడటమే మర్చిపోయింది. ఈ సంగతి బయటపడితే పెద్దావిడ మనసు ఏమైపోతుందో అన్నది ఒక భయం. పిల్ల తనను ఇక నమ్మదేమో అన్నది దానికంటే పెద్ద భయం.

నాలుగుంపావుకి బస్సు ఆగింది. ప్లీడరు సంచీ విసిరేసి, బూట్లు రెండు దిక్కుల్లో వదిలి, నేరుగా వచ్చి కత్తిరింపు బల్ల మీదకెక్కి కూర్చుంది.

"చెప్పు."

"పాలు తాగు ముందు."

"తాగుతూ వింటాను."

టైలరమ్మ గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. టేపు మెడలోనే ఉంది. దాని కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ మొదలుపెట్టింది.

"తమ్ముడు పది నెలల పిల్లాడప్పుడు పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు, తెలుసుగా?"

"తెలుసు. నాకప్పుడు మూడేళ్ళు. నేను నాన్న దగ్గర పడుకున్నాను."

"ఆ పదకొండు రోజులూ నేను ప్రార్థన చేస్తూనే ఉన్నాను. తింటూ చేశాను, నడుస్తూ చేశాను, వాడి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ చేశాను. జ్వరం తగ్గలేదు. పదకొండో రోజు మధ్యాహ్నం డాక్టరు వచ్చి చూసి, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయారు. నేను వరండాలోకి వెళ్ళి, కిటికీ దగ్గర నిలబడి..." ఆగింది. పిల్ల పాల మీసంతో కళ్ళార్పకుండా చూస్తోంది. "దేవుణ్ణి తిట్టాను."

"ఏమని?"

"నువ్వు లేవు. ఉన్నా నీతో నాకు మాటల్లేవు. పో అవతలికి. అలా అన్నాను. పైకే అన్నాను."

ప్లీడరు గ్లాసు పక్కన పెట్టింది. "అప్పుడు దేవుడు ఏం చేశాడు?"

"ఆ సాయంత్రమే జ్వరం దిగిపోయింది."

పిల్ల మూతి తుడుచుకుంది. "అయితే ఆయన నీ మీద కోపగించుకోలేదుగా."

"అదేనమ్మా నాకు సిగ్గు. కోపగించుకున్నా బాగుండేది. నువ్వు వీధిలో నిలబెట్టి నానా మాటలూ అన్న మనిషి, గంట తిరక్కుండా వచ్చి నీ ఇంట్లో పనంతా చేసిపెట్టి వెళ్ళాడనుకో. మర్నాడు ఆయన మొహం ఎలా చూస్తావు? అందరూ కృతజ్ఞత చెప్పారు, నేనూ చెబుదామని కూర్చున్నాను. నోరు రాలేదు. ఇవాళ కాకపోతే రేపు అనుకున్నాను. అలా నాలుగేళ్ళు అయిపోయింది."

"మరి కొలతలెందుకు?"

"పెదాలు కదలకపోతే నాన్నమ్మ చూస్తుందేమోనని. చూడకుండా గడగడా చెప్పగలిగినవి నాకు అవే."

ఫక్కున నవ్వింది ప్లీడరు. టైలరమ్మకూ నవ్వొచ్చింది, నవ్వుతోపాటు కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. టేపుతోనే తుడుచుకుంది. అమ్మయ్య, అయిపోయింది, ఇంత తేలికా అనుకుంది.

తేలిక ఎక్కడిది! ప్లీడరు అప్పుడే వేలెత్తింది.

"ఇప్పుడు నా సంగతి. రూలు ప్రకారం నీ తప్పు నేను చెప్పకూడదు. చెప్పను. కానీ నీ సంగతి నాకు తెలిసి కూడా నాన్నమ్మకి చెప్పకుండా దాస్తున్నాను. దాచడం తప్పు. ఆ తప్పు ఎవరిది? నాది. నా తప్పు నేను చెప్పాలి. అవునా, కాదా?"

పొద్దున పిల్ల అన్న 'అవసరం' ఇదన్నమాట.

"ఒకటి దాచానని చెబితే, ఏం దాచావే అని నాన్నమ్మ అడగదు. రూలు. కానీ ఆలోచిస్తుందిగా!" అంది ప్లీడరు. "నేను మామూలుగా ఎవరివి దాస్తాను? నీవే దాస్తాను. తెలిసిపోతుంది."

"పోనీ ఇవాళ్టికి ఇంకేదైనా చిన్న తప్పు చెప్పెయ్యి. పెన్సిలు పారేశానని..."

"పెన్సిలు పారెయ్యలేదుగా?"

మాట నోట్లో ఉండగానే టైలరమ్మకు తనేం చేస్తోందో తెలిసింది. నాలుగేళ్ళుగా తను ఆడుతున్న నాటకాన్ని బంగారం లాంటి పిల్లకి దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పిస్తోంది. ఈ పిల్ల కూడా రేపట్నుంచి ఆ గదిలో పెన్సిళ్ళూ రబ్బర్లూ చెప్పుకుంటూ, అసలైనవి కడుపులో పెట్టుకుని పెరుగుతుంది. తను తిట్టిన తిట్టు కంటే ఇది పెద్ద తప్పు అనిపించింది.

"వద్దు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను" అంది.

"మరి?"

"నేనే చెబుతాను. ఇవాళే. అప్పుడు నువ్వు దాచడానికి ఏమీ ఉండదు."

"నీ వంతు నా తర్వాత వస్తుంది."

"ఒక్కరోజుకి నీ వంతు నాకిస్తావా?"

ప్లీడరు ఊరికే ఏదీ ఇవ్వదు. పైకప్పు వైపు చూసింది, కాళ్ళూపింది. "రేపు ఒకే జడ. రిబ్బను లేకుండా" అంది. బేరం కుదిరింది.

అప్పుడు గమనించింది టైలరమ్మ, మధ్య గదిలో జోకొడుతున్న చప్పుడు ఆగిపోయి చాలాసేపయింది. పిల్లాడు పడుకుని ఉంటాడులే అనుకుంది.

ఆరుంపావుకి మొగుడు వచ్చాడు. వేళ్ళ సందుల్లో అద్దాల పొడి కడుక్కుని, బుడంకాయను భుజానికెత్తుకుని, వాడి తల మెట్లకు తగలకుండా వంగి ప్రార్థన గదిలోకి దూరాడు. అందరూ చాప మీద సర్దుకున్నారు. పెద్దావిడ దీపం వెలిగించింది. మామూలుగా అయితే ఆవిడ కూర్చుంటూనే ఎవరో ఒకరి మోకాలు జరపమంటుంది. ఇవాళ ఏమీ అనలేదు.

ఐదు నిమిషాల మౌనం. టైలరమ్మ ఈ రోజు పెదాలు కదపలేదు. పక్కనుంచి ఒక కన్ను తనను చూస్తోందని తెలుసు. చూడనీ అనుకుంది.

బుడంకాయ మొదలుపెట్టాడు. "కృతజ్ఞత ఏంటంటే, ఇవాళ పిల్లి వచ్చింది. తప్పు ఏంటంటే, నా పాలు పిల్లికి పోశాను. కానీ కొంచెమే." అందరి పెదాలూ బిగుసుకున్నాయి. నవ్వకూడదు కదా.

ప్లీడరు గొంతు సవరించుకుంది. "ఇవాళ నా వంతు అమ్మకిచ్చాను."

మొగుడు ఒక కన్ను తెరిచాడు. పెద్దావిడ తెరవలేదు.

"ఒక కృతజ్ఞత" అంది టైలరమ్మ. "అడగాల్సింది అడిగే కూతుర్నిచ్చావు. ఒక తప్పు." ఊపిరి తీసుకుంది. "నాలుగేళ్ళుగా ఈ గదిలో కూర్చుని నేను ప్రార్థన చేయడం లేదు. పెదాలు కదిపాను, అంతే. బాబు ఆస్పత్రిలో ఉన్నప్పుడు నిన్ను పొమ్మన్నాను. తర్వాత పిలవడానికి మొహం చెల్లలేదు. వీళ్ళందర్నీ మోసం చేశాను. అదీ నా తప్పు."

చెప్పేసింది. భుజాల మీద నుంచి ఎవరో బస్తా దింపినట్టు ఒక్కసారిగా తేలికైంది.

"నా వంతు" అంది ప్లీడరు మెల్లగా. "కృతజ్ఞత, అమ్మ ముందే చెప్పేసింది. తప్పు, నిన్న నేను ఒక కన్ను తెరిచాను."

తర్వాత మొగుడి వంతు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఒక కృతజ్ఞత, మా ఆవిడ" అన్నాడు. "ఒక తప్పు... నాలుగేళ్ళుగా ఇక్కడే, ఇంత పక్కనే కూర్చున్నాను. నాకు వినపడలేదు." అని పెళ్ళాం చేతి మీద చెయ్యి వేశాడు. అమ్మ ముందు, పిల్లల ముందు ఆయన అలా చేయడం ఇదే మొదటిసారి. టైలరమ్మకు ఏడుపు ఆగలేదు. అది సంతోషంతో వచ్చిన ఏడుపు. ఇన్నాళ్ళూ ఎందుకు భయపడ్డానా అనిపించింది. ఈ గదిలో తిట్లు లేవని ఆమెకు తెలుసు. కోపం కూడా నిజంగానే లేదని ఇవాళే చూసింది.

ఇక మిగిలింది పెద్దావిడ. రోజూ ఆవిడ వంతు అర నిమిషంలో అయిపోతుంది, అన్నం చల్లారిపోతుందని తొందర. ఇవాళ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. టైలరమ్మ కళ్ళు తుడుచుకుని ఆవిడ వైపు చూసింది.

"ఒక కృతజ్ఞత" అంది పెద్దావిడ. "ఈ కోడలు. దేవుడా, నాకు కూతురు లేని లోటు నువ్వే తీర్చావు. ఒక తప్పు." ఆగింది. "దాచడం కూడా తప్పేనని ఇందాక మా మనవరాలు చెప్పింది. పక్క గదిలో ఉండి విన్నాను. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు."

"నాన్నమ్మా, నువ్వు కూడా..." అనబోయింది ప్లీడరు. తండ్రి దాని మోకాలు నొక్కాడు.

"ఆ రోజు వరండాలో నేను కోడలి వెనకే ఉన్నాను. పాల ఫ్లాస్కు తెచ్చాను. ఆ పిల్ల అన్న మాట విన్నాను. కోపం రాలేదు దేవుడా, నీకు తెలుసు. భయం వేసింది. నువ్వు ఆ మాట పట్టుకుని నిజంగా వెళ్ళిపోతే పిల్లాడి గతేమిటనుకున్నాను. దాన్ని మన్నించు, పిల్లాణ్ణి బతికించు అని అక్కడే నీకు మాటిచ్చాను." మనవడి తల మీద చెయ్యి వేసింది. "వాడికి ఐదేళ్ళు నిండగానే మందిరానికి ఇచ్చేస్తాను అన్నాను."

మొగుడి చెయ్యి టైలరమ్మ చేతి మీద బిగుసుకుంది.

"వాడు అక్కడే ఉంటాడు, అక్కడే చదువుకుంటాడు, నీ పనికే పెరుగుతాడు, ఏడాదికోసారి ఇంటికొస్తాడు అని ఒప్పుకున్నాను. ఆ వారమే మందిరం పెద్దాయనకు కూడా చెప్పాను. తల్లిని అడగలేదు, తండ్రిని అడగలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నాలుగేళ్ళు నాన్చాను. ఆయన మర్చిపోలేదు. మొన్న కబురు పంపారు. ఆదివారంతో వాడికి ఐదు నిండుతాయిగా, ఆ పొద్దునే వాణ్ణి తీసుకెళ్ళడానికి వస్తున్నారు." పెద్దావిడ తల ఇంకా కిందకి వంచింది. "నువ్వు నీ మాట నిలబెట్టుకున్నావు. నేను నాది ఎలా తప్పను? అలాగని వీళ్ళ మొహాలు ఎలా చూడను? నాకు తెలియడం లేదు."

ఆదివారానికి మధ్యలో ఒక్క రోజే ఉంది.

బుడంకాయ అటూ ఇటూ చూశాడు. తన గురించే మాట్లాడుతున్నారని వాడికి అర్థమైంది. అందరూ తననే చూస్తుంటే వాడికి భలే సంబరంగా ఉంది. "నేను ఎక్కడికి వెళ్తున్నాను? అక్క కూడా వస్తుందా?" అని అడిగాడు. ప్లీడరు మొదటిసారి వాదన దొరక్క తమ్ముడి చొక్కా అంచు పట్టుకుని కూర్చుంది.

టైలరమ్మ అత్తగారి వైపు తిరిగింది. ఎన్ని మాటలు నాలిక చివరిదాకా వచ్చాయో! నా బిడ్డను ఇవ్వడానికి నువ్వెవరు అన్న మాట వచ్చింది. కానీ ఇది ఆ గది. ఇందాకే తన తప్పు విని ఒక్క మాటైనా అనని మనిషి ఆవిడ. ఆవిడను ఏమీ అనడానికి లేదు, అనాలని కూడా లేదు. ఆ వంగిపోయిన తల చూస్తే జాలేసింది.

పిల్లాణ్ణి రెండు చేతులా లాక్కుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. వాడు "అబ్బా, గట్టిగా పట్టుకోకు" అని గింజుకున్నాడు. వదల్లేదు. దీపం వైపు చూసింది. కళ్ళు మూసుకోలేదు.

"అప్పుడు నిన్ను పొమ్మన్నాను" అంది. "ఇప్పుడు పోకు. ఇక్కడే కూర్చో, నీతో మాట్లాడాలి. వీణ్ణి నేను ఇవ్వను."